హాఫ్ మారథాన్‌కి సిద్ధమయ్యేవాళ్ళకి స్పోర్ట్స్ మసాజ్: ఎంత పనికొస్తుంది, ఎప్పుడు చేయించాలి, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్లు పరుగెత్తాలని వారానికి నాలుగు రోజులు, మొత్తం 35 కిలోమీటర్ల దాకా ప్రాక్టీస్ చేస్తున్నారు. ఆదివారం లాంగ్ రన్ అయ్యాక రెండు పిక్కలూ పట్టేస్తున్నాయి, ఎడమది ఇంకాస్త ఎక్కువ. జిమ్‌లో ఎవరో "వారానికి రెండుసార్లు డీప్ టిష్యూ మసాజ్ చేయించుకో, లాక్టిక్ యాసిడ్ అంతా పోతుంది" అన్నారు. అది నిజమేనా, రేసుకు ఎన్ని రోజుల ముందు ఆపాలి, ఇంట్లో నువ్వుల నూనెతో చేసుకుంటే సరిపోదా, మసాజ్ గన్ (కండరాన్ని వేగంగా తట్టే చేతి యంత్రం) కొనాలా?

ముందు సూటిగా చెప్పేస్తాను. చేయించుకోండి, మేలు ఉంది. కానీ వారానికి రెండుసార్లు, అదీ గట్టిగా, అక్కర్లేదు. మీరు పరుగెత్తే దూరానికి రెండు వారాలకోసారి 45 నిమిషాల సెషన్ చాలు. మధ్యలో ఇంట్లో వారానికి రెండు మూడు సార్లు, కాలికి పది నిమిషాల చొప్పున మీరే చేసుకోవచ్చు. గట్టి సెషన్లలో ఆఖరిది రేసుకు కనీసం 4 రోజుల ముందే అయిపోవాలి. లాక్టిక్ యాసిడ్ కోసమైతే మసాజ్ అవసరమే లేదు. గన్ లేకపోయినా నష్టం లేదు.

లాక్టిక్ యాసిడ్ సంగతి ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే అది నమ్మి చాలామంది పళ్ళు బిగబట్టి మరీ గట్టిగా పిసికించుకుంటున్నారు. వేగంగా పరుగెత్తినప్పుడు రక్తంలో పెరిగిన లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం), ఆపిన అరగంట నుంచి గంటలోపే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి, కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. మీరు ఇంటికెళ్ళి స్నానం చేసి టిఫిన్‌కి కూర్చునేలోపు ఆ పని ముగిసిపోతుంది. సోమవారం మెట్లు దిగుతుంటే వచ్చే నొప్పి వేరు. కండరం సాగుతూనే బరువు మోయాల్సి వచ్చినప్పుడు, ముఖ్యంగా పల్లంలోకి పరుగెత్తేటప్పుడు, దాని పోగులు అక్కడక్కడా సన్నగా దెబ్బతింటాయి. వాటిని శరీరం బాగుచేసుకునే క్రమంలో వచ్చే నొప్పి అది. మర్నాటికి మొదలై, రెండో మూడో రోజు ఎక్కువై, ఐదారు రోజుల్లో దానంతటదే పోతుంది. మసాజ్ ఆ నొప్పి తీవ్రతను కొంత తగ్గించగలదు, అంతే.

ఎంత తగ్గించగలదో కూడా చూశారు. 2020లో ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 29 అధ్యయనాలను, అంటే వెయ్యి మందికి పైగా ఫలితాలను, కలిపి పరిశీలించారు. బలం, దూకే ఎత్తు, వేగం, దమ్ము వీటిలో మసాజ్ వల్ల పెరిగిందేమీ కనబడలేదు. కీళ్ళు వంగే తీరులో, మర్నాటి ఒళ్ళునొప్పుల్లో మాత్రం చిన్నదే అయినా మేలు కనబడింది. అంతకు ముందు 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 11 మంది యువకుల చేత అలిసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక తొడకి మాత్రమే పది నిమిషాలు మసాజ్ చేసి, రెండు తొడల నుంచీ చిన్న కండరం ముక్క తీసి పరీక్షించారు. మసాజ్ చేసిన తొడలో వాపును రేపే సంకేతాలు తగ్గాయి. లాక్టేట్‌లో తేడా లేదు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళకి మసాజ్ మిమ్మల్ని వేగంగా పరుగెత్తించదని మొదటే చెబుతాను. పట్టేసిన కాలు వదులవుతుంది, మర్నాడు నడక తేలికవుతుంది, చాలామందికి ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. ఇంకో లాభం ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే: ఏ చోట నొప్పి దాక్కుని ఉందో ముందే తెలుస్తుంది. నెలలో రెండుసార్లు అదే చేతులు మీ కాలిని తడుముతుంటే, "పోయినసారి ఇక్కడ ఇంత గట్టిగా లేదు" అని గాయం ముదరకముందే పట్టుకోవచ్చు.

ఏ కండరం పట్టేసిందో ముందు తెలుసుకోండి. పిక్కలో రెండు పెద్ద కండరాలు ఉంటాయి. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది గ్యాస్ట్రాక్నీమియస్, దాని కింద వెడల్పుగా పరుచుకున్నది సోలియస్. గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనించి ముందుకు వంగండి. మోకాలు నిటారుగా ఉన్నప్పుడు లాగితే పై కండరం. మోకాలు కొద్దిగా వంచినప్పుడు కిందవైపు, మడమకి దగ్గరగా లాగితే సోలియస్. నెమ్మదిగా ఎక్కువ దూరం పరుగెత్తేవాళ్ళలో ఎక్కువగా అలిసిపోయేది సోలియస్సే. సాధారణ మసాజ్‌లో దానికి చెయ్యే తగలదు, ఎందుకంటే కాలు చాపి బోర్లా పడుకోబెట్టి పైపైన రుద్దేస్తారు. మోకాలి కిందుగా దిండు పెట్టి కాలు వంచి, పై కండరాన్ని వదులు చేసి, పక్కల నుంచి బొటనవేళ్ళతో లోపలికి వెళ్ళాలి. మీకు చేసేవాళ్ళు ఇది చేయకపోతే అడిగి చేయించుకోండి.

హైదరాబాద్ రూటు గురించి ఒక మాట. అక్కడ ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు చాలా ఉన్నాయి. ఎక్కేటప్పుడు పిక్కలు, పిరుదులు పనిచేస్తాయి. దిగేటప్పుడు దెబ్బంతా తొడ ముందు కండరం మీద పడుతుంది. వైజాగ్ బీచ్ రోడ్డులో పరుగెత్తి అలవాటైన వాళ్ళు హైదరాబాద్ వచ్చి పరుగెత్తాక తొడలు పట్టేశాయని చెప్పడం మామూలే. కాబట్టి 45 నిమిషాల్లో అరగంట పిక్కల మీదే ఖర్చుపెట్టించకండి. రెండు పిక్కలకీ కలిపి 20 నిమిషాలు, తొడల ముందు వెనకలకి 15, పిరుదులకీ అరికాళ్ళకీ మిగతా 10 అనుకుంటే సరిగ్గా ఉంటుంది.

ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న. ఎక్కువమంది పొరపడేది కూడా ఇక్కడే. లోతుగా చేసిన మసాజ్ తర్వాత కండరం ఒకటి రెండు రోజులు నొప్పిగా, బరువుగా ఉంటుంది, అది సహజం. ఆ మర్నాడే ఇంటర్వల్స్ (కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి పరుగెత్తడం) పెట్టుకుంటే రెండూ చెడతాయి. కాబట్టి గట్టి సెషన్‌ని ఈజీ రన్ రోజు సాయంత్రమో, మర్నాడు విశ్రాంతి ఉన్న రోజో పెట్టుకోండి. ఆదివారం లాంగ్ రన్ అయిన గంటకే లోతుగా నొక్కించుకోవద్దు. అప్పటికే దెబ్బతిన్న పోగుల్ని ఇంకా నలిపినట్టవుతుంది. ఆ రోజు తేలికగా నిమిరించుకోవడం వరకే. లోతైనది మంగళవారం.

రేసు ఆదివారం అనుకుందాం. ఆఖరి గట్టి సెషన్ మంగళవారం, మరీ ఆలస్యమైతే బుధవారం. ఇంతకుముందు ఎప్పుడూ చేయించుకోని వాళ్ళైతే ఆ వారం అసలు కొత్త ప్రయోగం వద్దు. శుక్రవారం కావాలంటే 20 నిమిషాలు తేలికగా. రేసు రోజు పొద్దున మీరే చేసుకోవచ్చు: కూర్చుని ఒక్కో కాలికి మూడు నాలుగు నిమిషాలు, అరచేతులతో చురుగ్గా కింద నుంచి పైకి రుద్దడం, పిక్కను పట్టుకుని అటూ ఇటూ కదపడం. కండరం వెచ్చబడి, మీకు హుషారుగా అనిపించాలి. ఒళ్ళు సడలి నిద్ర ముంచుకొస్తోందంటే ఎక్కువసేపు చేసినట్టే. దీని తర్వాత వార్మప్ జాగింగ్ తప్పనిసరి, మసాజ్ దానికి బదులు కాదు.

రేసు అయ్యాక వెంటనే కూలబడొద్దు. పది పదిహేను నిమిషాలు నడవండి, నీళ్ళు, కాస్త ఉప్పు, ఏదైనా తిండి లోపలికి వెళ్ళనివ్వండి. ఆ తర్వాత 10–15 నిమిషాలు, పాదం నుంచి తొడ వైపు మెల్లగా, పొడవునా నిమరడం మాత్రమే. ఫినిష్ దగ్గర టెంట్లలో ఉండే వాలంటీర్లు ఉత్సాహంగా గట్టిగా నొక్కుతుంటే "మెల్లగా చెయ్యండి" అని చెప్పడానికి మొహమాటపడకండి. కొంకర్లు పోతున్న పిక్కను పిసకకూడదు. మోకాలు చాపి, కాలివేళ్ళని మీ వైపుకి లాగి అరనిమిషం అలాగే పట్టుకుంటే వదులుతుంది. బల్ల మీద నుంచి లేచేటప్పుడు ముందు కూర్చుని, నిమిషం ఆగి నిలబడండి. చెమటతో నీరు పోయిన ఒంటికి కళ్ళు తిరిగి పడిపోవడం అరుదేమీ కాదు.

ఎంత గట్టిగా? నొప్పిని 0 నుంచి 10 దాకా లెక్కేసుకుంటే 5 లేదా 6. "నొప్పిగా ఉంది, కానీ హాయిగా ఉంది" అనిపించాలి. ఊపిరి బిగబట్టారన్నా, కాలు దానంతటదే బిగుసుకుంటోందన్నా దాటిపోయినట్టే. బిగుసుకున్న కండరాన్ని ఎంత నొక్కినా లోపలికి పోలేరు. సెషన్ తర్వాత కమిలిన మచ్చలు పడితే "బాగా చేశారు" అనుకోకండి, చిన్న రక్తనాళాలు చిట్లాయని అర్థం.

ఇంట్లో చేసుకునే పద్ధతి చెబుతాను. గోరువెచ్చని నీళ్ళతో స్నానం అయ్యాక మంచం మీద కూర్చుని మోకాలు వంచి, పాదం ఆనించండి. కాలికి ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల నూనె చాలు. ఎక్కువ పోస్తే చెయ్యి జారిపోతుంది, కండరం పట్టు దొరకదు. మడమ దగ్గర నుంచి మోకాలి కింద దాకా రెండు అరచేతులతో పైకి రాయండి, రెండు నిమిషాలు. పైకి వెళ్ళేటప్పుడు ఒత్తిడి, కిందికి వచ్చేటప్పుడు ఊరికే తాకుతూ రావడం. తర్వాత మూడు నిమిషాలు పిక్కను గుప్పిట్లోకి తీసుకుని పిండి పిసికినట్టు ఎత్తుతూ వదులుతూ. ఇప్పుడు బొటనవేళ్ళతో వెతకండి. ఎక్కడో ఒకచోట కండలో చిన్న ముడిలా గట్టిగా తగులుతుంది, నొక్కితే నొప్పి. అక్కడ 20–30 సెకన్లు స్థిరంగా నొక్కి పట్టుకోండి, నొప్పి సగానికి తగ్గాక వదలండి. మూడుసార్లు. ఆఖరున అదే చోట వేలు అలాగే ఉంచి, పాదాన్ని పైకీ కిందికీ ఎనిమిది పదిసార్లు ఆడించండి. ఒక్కటే చేసుకునే ఓపిక ఉంటే ఈ చివరిది చెయ్యండి, ఎక్కువమందికి బాగా పనిచేసేది ఇదే. మళ్ళీ ఒక నిమిషం పైకి రాసి ముగించండి.

నువ్వుల నూనె, కొబ్బరి నూనె రెండూ బాగానే పనిచేస్తాయి. కండరం లోపలికి నూనె ఇంకి బలమిస్తుందన్నది నిజం కాదు, నూనె పని చెయ్యి సాఫీగా సాగనివ్వడమే. కాళ్ళ మీద వెంట్రుకలు దట్టంగా ఉంటే ఎదురు దిశలో గట్టిగా రుద్దకండి, మర్నాటికి ఎర్రటి పొక్కులు లేస్తాయి. పరుగుకి ముందు రాసుకుంటే తుడిచేసుకోవాలి, లేకపోతే కండరానికి ఆసరాగా అంటించుకునే టేపు అంటుకోదు.

ఐయోడెక్స్, జండూ బామ్ లాంటివి రాసుకుని మసాజ్ చేయొద్దు. అవి చర్మాన్ని చల్లగా, వేడిగా అనిపించేలా చేసి నొప్పిని మరిపిస్తాయి. ఆ మైకంలో ఎంత గట్టిగా నొక్కుతున్నామో తెలియదు. రాసిన చోట వేడినీళ్ళ సంచీ పెడితే చర్మం కాలుతుంది. రక్తం పల్చబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్, వాడేవాళ్ళు వీటిని ఒళ్ళంతా పూసుకునే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇక గన్. ఉంటే తక్కువ స్పీడులో, కండరానికి ఒకటి రెండు నిమిషాలు, ఎముకల మీద కాకుండా వాడుకోండి. ఫోమ్ రోలరూ (ఒళ్ళు ఆనించి దొర్లించే గట్టి స్పాంజి గొట్టం) అంతే, ఒక్కోచోట అరనిమిషం నుంచి నిమిషం, మెల్లగా. రెండూ లేకపోతే వంటింట్లో చపాతీ కర్ర ఉంది, పిక్క మీద దొర్లించడానికి చక్కగా సరిపోతుంది. అరికాలికి టెన్నిస్ బంతి. క్రికెట్ బంతి మరీ గట్టి.

చెయ్యి పెట్టకూడని చోట్లు, సందర్భాలు. ఇది మిగతా అంతటికన్నా ముఖ్యం, దయచేసి తీరిగ్గా చదవండి.

మోకాలి వెనక గుంటలో నొక్కకూడదు. కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళం, నరం అక్కడ కండరం అడ్డు లేకుండా ఉంటాయి. మోకాలికి బయటివైపు, కొంచెం కిందుగా ఎముక బొడిపె ఒకటి తగులుతుంది. దాని పక్కనే చర్మం కిందుగా ఒక నరం పోతుంది. అక్కడ గన్ పెట్టినా, రోలర్ మీద బరువంతా వేసినా పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. మరీ నలిగితే పాదం ఎత్తలేని పరిస్థితి రావచ్చు.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి, నడవకపోయినా నొప్పి ఉంటే మసాజ్ ఆలోచనే వద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అమెరికా నుంచి పదిహేను ఇరవై గంటలు విమానంలో కూర్చుని వచ్చినవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, కాలికి కట్టుతో మంచాన ఉన్నవాళ్ళు, గర్భిణులు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. మోకాలి చిప్ప కింద ఉండే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి వచ్చి, రెండు పిక్కల చుట్టుకొలతా టేపుతో కొలవండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్) చేయించాలి. కొలతలో తేడా లేకపోయినా మిగతా లక్షణాలుంటే చూపించుకోవాల్సిందే. మీరు ఎడమ పిక్క ఎక్కువ పట్టేస్తోందన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మీది పరుగు తర్వాతే వచ్చి రెండు రోజుల్లో పోతోందంటే ఇది కాకపోవచ్చు, అయినా కొలిచి చూడండి.

కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు కూడా ఇది చదువుతుంటే: తొడకి ఎదుటివాడి మోకాలు గట్టిగా తగిలి కమిలిపోతే, మొదటి మూడు రోజులు నూనె వద్దు, కాపడం వద్దు, మసాజ్ అసలే వద్దు. ఐసు 15 నిమిషాల చొప్పున, ఎలాస్టిక్ కట్టు, నొప్పి లేనంతవరకు మోకాలు వంచి ఉంచడం. లోపల కారిన రక్తాన్ని రుద్దితే ఆ కండలోనే ఎముక పెరిగే ప్రమాదం ఉంది. మూడు నాలుగు వారాల తర్వాత ఎక్స్‌రేలో కనబడుతుంది, ఆటకి నెలల తరబడి దూరం చేస్తుంది. పిల్లల మోచేతి దెబ్బలకీ అంతే. "బెణికింది, నాలుగు రోజులు నూనె పెట్టి లాగితే సరి" అని లాగించడం వల్ల మోచెయ్యి శాశ్వతంగా బిగుసుకుపోయిన కేసులు ఎముకల డాక్టర్లందరూ చూసే ఉంటారు. మోచెయ్యి వాచిందంటే ముందు ఎక్స్‌రే.

మోకాలి కింద కాలి ముందువైపు ఎముక మీద బొటనవేలంత చోట మాత్రమే నొక్కితే విలవిల్లాడేంత నొప్పి, ఆ కాలి మీద గెంతితే ఇంకా ఎక్కువైతే, అది ఎముకలో సన్నటి బీట కావచ్చు. పరుగు ఆపి చూపించుకోండి. నొప్పి ఎముక లోపలి అంచు వెంబడి నాలుగైదు అంగుళాల మేర పరుచుకుని ఉంటే అది వేరే సమస్య. దానికి పిక్కల మసాజ్ ఉపయోగపడుతుంది గానీ ఎముకను రుద్దకూడదు. జ్వరం, చర్మం మీద సెగగడ్డలు, పుండ్లు, బాగా ఉబ్బిన సిరలు ఉన్నచోట కూడా వద్దు. విపరీతమైన వర్కవుట్ తర్వాత ఒళ్ళంతా నొప్పులతో మూత్రం కోలా రంగులో వస్తే అది కండరం కరిగి కిడ్నీల మీద పడుతున్న సూచన. వెంటనే ఆసుపత్రికి.

చివరిగా, మీ పిక్కలు ప్రతి వారం ఎందుకు పట్టేస్తున్నాయి? ప్రతిసారీ అదే చోట మసాజ్ కావాల్సి వస్తోందంటే, ఎక్కువగా ఆ కండరానికి ఉన్న బలానికీ దాని మీద వేస్తున్న బరువుకీ పొంతన కుదరడం లేదని అర్థం. ఒంటికాలి మీద నిలబడి, గోడకి వేళ్ళు ఆనించి, మడమ పూర్తిగా ఎత్తి దించండి. 20–25 సార్లు రావాలి. ఎడమ కాలితో 12 దగ్గరే ఆగిపోతే మీ జవాబు దొరికినట్టే. రోజు విడిచి రోజు 15 చొప్పున మూడు విడతలు చెయ్యండి, తేలికయ్యాక వీపున బ్యాగులో 5 కిలోలు వేసుకోండి. సోలియస్ కోసం మోకాలు వంచి మరో మూడు విడతలు. పొద్దున లేవగానే మడమ వెనక బిగుసుకుపోయి, నాలుగడుగులు వేశాక వదులవుతుంటే అది మడమ స్నాయువు (పిక్కను మడమ ఎముకకి కలిపే తాడులాంటిది) సమస్య. ఆ స్నాయువుని నేరుగా నలపకండి. స్వీడన్‌కి చెందిన ఎముకల డాక్టర్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో చూపించిన పద్ధతి ఇప్పటికీ వాడతాం: మెట్టు అంచున నిలబడి మడమను మెల్లగా కిందికి దించడం, 15 చొప్పున మూడు విడతలు, మోకాలు చాపి ఒకసారి, వంచి ఒకసారి, రోజుకి రెండుపూటలా, 12 వారాలు. దించేది నొప్పి ఉన్న కాలితో, మళ్ళీ పైకి లేచేది రెండో కాలితో. ఇంకో రెండు విషయాలు కూడా చూసుకోండి. ఈమధ్య దూరం ఒక్కసారిగా పెంచారా? మడమ ఎత్తు తక్కువ ఉన్న కొత్త బూట్లకి మారారా? ఈ రెండూ పిక్కల మీదే భారం వేస్తాయి.

చేసేవాళ్ళని ఎంచుకునేటప్పుడు స్పాకి కాకుండా, క్రీడాకారులతో పనిచేసే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్ళండి. మంచివాళ్ళని గుర్తుపట్టడం తేలిక. మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టే ముందే వారానికి ఎంత పరుగెత్తుతున్నారు, రేసు ఎప్పుడు, ఏం మందులు వాడుతున్నారు, ఈమధ్య దెబ్బలేమైనా తగిలాయా అని అడుగుతారు, నిలబెట్టి నడిపించి చూస్తారు. ఏమీ అడక్కుండా నూనె సీసా తీస్తే అక్కడినుంచి వచ్చేయండి. మూడు సెషన్లయినా ఎడమ పిక్క తీరు మారకపోతే నాలుగోది బుక్ చేయకుండా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కి చూపించండి. పిక్కల చుట్టుకొలత, మడమ ఎత్తడం ఎడమకి ఎన్ని కుడికి ఎన్ని వచ్చాయో కింద రాస్తే, ఆగస్టు దాకా వారంవారం ఏం చెయ్యాలో వివరంగా చెబుతాను.